రెండిళ్ళ వాకబు

మదనపల్లె,
8 జూన్ 2025

చిరంజీవి మునిశేఖర్‌కు,

ఆశీస్సులు తర్వాత. ముందు నా కోపం అందుకో.

ఫోన్‌లో నన్ను బ్లాక్ చేశావు. మరదలు దీపకు చేస్తే ఆమె కూడా ఎత్తలేదు, నువ్వే వద్దని ఉంటావు. పోస్ట్‌మన్‌ను బ్లాక్ చేసే బటన్ ఇంకా రాలేదు కాబట్టి కుప్పంలో నీ రూం అడ్రసుకే రాస్తున్నాను. ఒక రకంగా ఇదే మేలు. ఫోన్‌లో అయితే నేను ఒక మాట అనేలోపల నువ్వు నాలుగు అంటావు.

మొన్న పుంగనూరులో చిన్నాన్న వాళ్ళ గృహప్రవేశంలో విస్తరి ముందు కూర్చున్న నన్ను చూపించి ఏమన్నావు? "మాయక్క ఉండాది కదా, బ్యాంకులో పని. తమ్ముడు బండి కొనుక్కుంటాండాడంటే ఓర్చుకోలేక, ఆ ఇల్లు మంచిది కాదని రాసి నా లోను చెడగొట్టింది" అన్నావు. పంక్తిలో ఉన్నవాళ్ళందరూ తినడం ఆపి నా వైపు చూశారు. నేను పాయసం ముట్టకుండా లేచి వచ్చాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా అత్తగారు కూడా నన్ను తింటున్న విస్తరి ముందు నుంచి లేపలేదు. ఆ పని నువ్వు చేశావు.

ఇప్పుడు విను. నేను బ్యాంకులో పనిచేయడం లేదు. నువ్వు గొప్పకు అందరికీ అలా చెప్పుకుంటుంటే పోనీలే అని ఊరుకున్నాను, అది నా తప్పు. తిరుపతిలో ఒక ఏజెన్సీ ఉంది. లోన్లు ఇచ్చే కంపెనీలు వాళ్ళకు చెబుతాయి, వాళ్ళు నా ఫోన్‌కు కేసు పంపుతారు. లోను అడిగిన మనిషి చెప్పిన ఇంట్లోనే ఉన్నాడా, ఎలాంటివాడు అని నేను వెళ్ళి చూసి, పక్కన రెండిళ్ళలో వాకబు చేసి రాసి పంపాలి. కేసుకు ఇంత అని ఇస్తారు. జీతం లేదు, సెలవు లేదు. స్కూటీ నాదే, పెట్రోలు నాదే, గంగవరంలో కుక్క కరిస్తే వేయించుకున్న సూదులూ నావే.

నీ కేసు నా ఫోన్‌కు వచ్చిన మాట నిజం. పేరు చూశాను, పుంగనూరు ఇంటి అడ్రసు చూశాను. చుట్టాల కేసు చేయకూడదని రూలు. "ఈయన నా తమ్ముడు, వేరేవాళ్ళకు ఇవ్వండి" అని అప్పుడే వెనక్కి పంపాను. ఆ తర్వాత ఎవరు వెళ్ళారో, ఏం రాశారో నాకు తెలియదు.

అందరి ముందు అన్న మాటను అందరి ముందు వెనక్కి తీసుకో. అంతవరకు నీ ఇంటి గడప తొక్కను.

ఇట్లు,
ఏ బ్యాంకులోనూ పనిచేయని మీ అక్క,
కమలాక్షి

తా.క.: దీప అడిగిన మామిడికాయ ఊరగాయ పెట్టాను. కోపం నీ మీద గానీ ఆమె మీద కాదు. అటు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇచ్చి పంపుతాను.

కుప్పం,
14 జూన్ 2025

శ్రీమతి కమలాక్షి గారికి,

మునిశేఖర్ నమస్కారాలు. అక్కను పట్టుకుని గారు అని ఎందుకు రాశానో చదివితే తెలుస్తుంది.

నీ ఉత్తరం మా రూం ఓనరు చేతికి వచ్చింది. ఈ కాలంలో ఉత్తరం ఏమిటని ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి "కోర్టు నోటీసా అప్పా?" అని అడిగాడు. దాదాపు అంతే అని చెప్పాను.

పెళ్ళాం బిడ్డను పుంగనూరులో పెట్టి, స్టేషన్ పక్కన రేకుల రూంలో నేను ఎందుకు పడి ఉన్నానో నీకు తెలుసు. రైతుల దగ్గర బీన్సు, క్యాప్సికం కొని బెంగళూరుకు పంపాలి. బండ్లు మాత్రం పరాయివాళ్ళవి. బండివాడు "ఈ పొద్దు రాలేనప్పా" అని ఫోన్ పెట్టేస్తే నా సరుకు నా కళ్ళముందే వాడిపోతుంది. నాదని ఒక బండి ఉంటే చాలు అనుకున్నాను. పాత బండే, మంచి బండి. దానికి అడ్వాన్సు కూడా ఇచ్చాను. కాగితాలన్నీ అయ్యాక లోను ఆఫీసులో అబ్బాయి "సార్, మీ ఇంటికాడ ఎంక్వయిరీలో నెగటివ్ వచ్చింది" అన్నాడు. ఎవరు రాశారని అడిగితే చెప్పకూడదట. రెండు మూడు సార్లు అడిగితే "పుంగనూరు సైడంతా ఎవరో మేడం సూస్తుంది సార్" అన్నాడు.

పుంగనూరు సైడ్ చూసే మేడం ఎవరు? ఉగాదికి వచ్చినప్పుడు పుంగనూరు నుంచి పలమనేరు దాకా అంతా నాదే అని నువ్వే కదా చెప్పావు? ఈ ఎంక్వయిరీ జరిగిన వారంలోనే దీప గంగవరంలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి ఇల్లు తాళం వేసి ఉంటే, నీ స్కూటీ మా ఇంటి ముందు నిలబడి ఉండటం వీధిలో వాళ్ళు చూశారు. దానికేం చెబుతావు?

వెనక్కి పంపానంటున్నావు. అదే నిజమనుకుందాం. సొంత తమ్ముడి కేసు చేతికి వస్తే, ఇల్లు వాడిదే, మంచివాడే అని రెండు ముక్కలు రాయడానికి నీకు చెయ్యి రాలేదా? అబద్ధం రాయమనలేదే. నువ్వు చెడ్డగా రాసినా, నన్ను ఎవడో దారినపోయేవాడికి అప్పజెప్పినా నాకు ఒకటే.

ఇంకొకటి. నాన్న ఇల్లు నా పేరుకు రాసిన రోజు నువ్వు సంతకం పెట్టావు. పెడుతున్నప్పుడు నీ మొహం నేను చూశాను. అప్పటి నుంచి ఆ మొహం మర్చిపోలేదు.

ఊరుకునే మనిషిని కాదు. మీ కంపెనీకి ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పాను.

ఇట్లు,
మునిశేఖర్

మదనపల్లె,
24 జూన్ 2025

శేఖరా,

చెప్పాల్సింది చెప్పానని రాశావు. ఏం చెప్పావు? ఎవరితో చెప్పావు? నీ ఉత్తరం వచ్చిన దగ్గర నుంచి నా ఫోన్‌కు ఒక్క కేసు రాలేదు.

నీకు ఇది అర్థం కాదు. మా పనిలో తీసేయడమంటూ ఉండదు. నిన్ను తీసేశామని ఎవరూ కాగితం పంపరు, పిలిచి తిట్టరు. ఫోన్ మోగదు, అంతే. పొద్దున్నే స్నానం చేసి, స్కూటీ తుడుచుకుని, బ్యాగులో నీళ్ళ సీసా పెట్టుకుని కూర్చుంటున్నాను. మీ బావ మగ్గం మీద నుంచి లేవకుండానే "ఏమే, ఈ పొద్దూ లేదా?" అంటారు. మీ బావ నేసే చీరకు కూలి వచ్చేసరికి ఇంటి బాడుగ గడువు దాటిపోతుంది. నా కేసుల మీదే ఈ ఇల్లు నడుస్తోంది.

తిరుపతికి ఫోన్ చేశాను. కేసులు పంచే అతను "పైనుంచి హోల్డ్ మేడం" అన్నాడు. పైన ఎవరయ్యా అంటే "పైన" అన్నాడు. ఆరేళ్ళు నేను ఎండలో తిరిగితే ఆ పైనున్నవాళ్ళు ఎవరో నాకు తెలియదు. స్కూటీ జారి మోకాలు చిట్లినప్పుడు నేను వాళ్ళ మనిషిని కాదు, కాంట్రాక్టు. నీ ఫోన్ వెళ్ళగానే మాత్రం వాళ్ళ మనిషినైపోయాను, శిక్ష వేయడానికి.

ఆ రోజు నీ వీధిలో నాకు వేరే కేసు ఉంది. పని అయ్యాక దీపను చూసి పోదామని మీ ఇంటి ముందు ఆగాను. తాళం ఉంది, వచ్చేశాను. నా తమ్ముడి ఇంటి ముందు నా స్కూటీ ఆగితే అది కూడా సాక్ష్యమా?

ఇక సంతకం రోజు నా మొహం. ఆ రోజు నాకు దవడ పన్ను వాచి ఉంది. లవంగం కొరుకుతూ రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చున్నాను. మరుసటి రోజు పీకించుకున్నాను, కావాలంటే మీ బావను అడుగు. ఒక పంటి నొప్పిని ఇన్నేళ్ళు మనసులో పెట్టుకుని నన్ను అసూయపరురాలిని చేశావు. నాకు ఆ ఇంటి మీద ఆశ ఉంటే సంతకం పెట్టేదాన్నే కాదు. పెట్టనని నీ మొహం మీదే చెప్పేదాన్ని. నా నోరు నీకు తెలియదా?

నాలుగిళ్ళు తిరిగి మనుషుల గురించి తెలుసుకోవడం నా పని. ఎవరు ఏం రాశారో నేనే తెలుసుకుంటాను. నాకు ఇప్పుడు తీరికే కదా, నీ దయ వల్ల.

కమలాక్షి

కుప్పం,
30 జూన్ 2025

అక్కకు,

పన్ను సంగతి నాకు తెలియదు. చెప్పి ఉండాల్సింది.

కంపెనీవాళ్ళకు ఏం చెప్పానని అడిగావు. దాచను. "పుంగనూరు పక్క చూసే ఆమె మా అక్క. ఆస్తి కాడ మాకు సరిపడదు. ఆ కోపంతో రాసింది" అని చెప్పాను. ఎత్తిన అమ్మాయి రాసుకుంటున్నాం సార్ అంది. అప్పుడు నాకు చాలా హాయిగా అనిపించింది. ఇప్పుడు మీ ఇల్లు నడవడం లేదని చదివాక అంత హాయిగా లేదు. అలాగని నా మాట తప్పని ఒప్పుకున్నాననుకోవద్దు.

నేను అడ్వాన్సు ఇచ్చిన బండి కృష్ణగిరివాడు ఎవడో కొనుక్కుపోయాడు. నిన్న స్టేషన్ రోడ్డులో నా ముందు నుంచే పోయింది. వెనకాల అద్దం మీద నేను రాయించాలనుకున్న నా బిడ్డ ప్రీతి పేరు లేదు. వాడి కూతురి పేరేదో ఉంది. నడిరోడ్డులో నిలబడి ఆ బండి పోయినంతసేపూ నిన్ను తిట్టాను.

ఇంకో సంగతి కూడా అడగాలి. ప్రీతికి ఒక సంబంధం వచ్చి పోయింది. దీప గంగవరంలో ఉన్నప్పుడే ఎవరో చక్కని పిల్లవాడు, టక్ చేసుకుని బ్యాగు తగిలించుకుని వచ్చి, పక్కింటి విజయమ్మను మా గురించి అన్నీ అడిగాడట. ఇల్లు సొంతమా, తండ్రి ఏం చేస్తాడు, అప్పులున్నాయా అని. దీప ఊరి నుంచి రాగానే విజయమ్మే చెప్పిందట. ఆ పిల్లవాడు మళ్ళీ రాలేదు, వాళ్ళ పెద్దలూ రాలేదు. దీప పాపం రోజూ గేటు వైపు చూస్తోంది. నువ్వూ ఆ రోజుల్లోనే మా వీధిలో ఉన్నావు. వాళ్ళు దారిలో నిన్ను అడిగి ఉంటే ఏం చెప్పావు? నా లోనుతో పాటు నా కూతురి సంబంధం కూడా నీ చేతుల మీదుగానే పోయిందా?

జవాబు రాయి.

శేఖర్

మదనపల్లె,
7 జూలై 2025

శేఖరా,

నీ ఉత్తరంలో ఆ టక్ చేసుకున్న పిల్లవాడి దగ్గరికి రాగానే నాకు సగం అర్థమైంది. మరుసటి రోజే పుంగనూరు బస్సు ఎక్కాను. నీ గడప తొక్కనన్నాను కాబట్టి తొక్కలేదు. నేరుగా విజయమ్మ ఇంటికి వెళ్ళాను.

ముందు మా పని గురించి ఒక మాట. మేము వాకబుకు వెళ్ళినప్పుడు లోను కోసమని చెప్పకూడదు. మనిషి పరువు పోతుందని. మన పక్క కొత్త మనిషి వచ్చి ఫలానా ఇల్లు ఎలాంటిదని అడిగితే ఎవరైనా సంబంధం వాకబు అనే అనుకుంటారు. అలా అనుకున్నాక నిజం రాదు. ఆ పెళ్ళి కావాలనుకుంటే ఆకాశానికి ఎత్తుతారు, వద్దనుకుంటే ఇంట్లో ఉన్న పిల్లి గురించి కూడా చెడ్డగా చెబుతారు. అందుకే నేను ఏ ఇంటి ముందు నిలబడినా మొదటి మాట "పిల్లను అడిగేదానికి రాలేదమ్మా" అంటాను. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. మొదట్లో దెబ్బలు తిని నేర్చుకున్నాను.

విజయమ్మ నన్ను చూడగానే కాఫీ పెట్టింది. ఆ పిల్లవాడికి ఏం చెప్పావమ్మా అని అడిగితే కాసేపు కొంగు నలిపింది. తర్వాత చెప్పింది.

"ఏం సెప్తామ్మా. ఆ ఇల్లు ఆళ్ళది కాదు, తగాదాలో ఉండాది అన్నా. ఆయప్పకు కుప్పంలో నిండా అప్పులుండాయి, ఇంటికే రాడు, ఆడ యాడుంటాడో ఏం సేస్తాండాడో ఎవురికీ తెలీదు అన్నా. పిలగాడు అంతా ఫోనులో రాసుకోని పాయ."

"యాల అట్లా చెప్పావమ్మా? శేఖర్ నిన్నేం చేశాడు?"

"ఏం సెయ్యలేదు తల్లీ. బంగారట్లా మనిసి. సంబంధం కోసరం వచ్చిండాడు అనుకుంటి. ఆ పక్కకే రాకుండా పోవల్లని సెప్తి."

విజయమ్మ చెప్పిన పోలికలను బట్టి ఆ కేసు చేసింది పలమనేరు లోకేష్ అని తెలిసిపోయింది. ఏజెన్సీవాళ్ళు కొత్తగా పెట్టుకున్న కుర్రవాడు. ఫోన్ చేసి నిలదీశాను. "తాళం ఏసుండిందక్కా. దినానికి ఇరవై ఇండ్లు తిరగల్ల, మళ్ళీ మళ్ళీ యాడ పొయ్యేది? పక్కన ఒకింట్లో అడిగి రాసేస్తి" అన్నాడు. రెండో ఇంటికి కూడా పోలేదు. పోయి ఉంటే ఎదురింటివాళ్ళు నీ గురించి నిజం చెప్పేవాళ్ళు, నీ బండి నీకు వచ్చేది. వాణ్ణి ఎంత తిట్టానంటే బస్‌స్టాండ్‌లో జనం నా చుట్టూ చేరారు.

ఇప్పుడు నువ్వు అడగబోయేది నాకు తెలుసు. సంబంధం చెడగొట్టాలని విజయమ్మకు ఎందుకు? చెప్పకుండా దాచిపెడదామని రెండు రోజులు ఆలోచించాను. దాచితే నువ్వు పోయి ఆ ముసలామె గేటు ముందు అరుస్తావు. అందుకే చెబుతున్నాను. ప్రీతి అడిగింది. "అవ్వా, ఎవురన్నా నాకోసరం అడిగేదానికి వస్తే ఎట్లన్నా చేసి పంపించెయ్యి, నేను డిగ్రీ అయినాక ఇంకా చదవల్ల" అని ఆ పిల్ల విజయమ్మ కాళ్ళావేళ్ళా పడింది. నీతో చెప్పిందట, రెండుసార్లు. బండి రాగానే నీ పెళ్ళే అన్నావట.

కన్నతండ్రికి చెప్పి లాభం లేక పక్కింటి అవ్వకు చెప్పుకుంది. నీ లోను పోగొట్టింది నేను కాదు, ఆ పిల్ల కాదు, విజయమ్మా కాదు. ఇంట్లో ఒకరి మాట నువ్వు వినకపోవడం. నా మాట కూడా అలాగే వినలేదు కదా, పంక్తిలో అంతమంది ముందు.

ప్రీతి మీద గొంతు పెంచావని తెలిస్తే నీకూ నాకూ ఉన్నది ఇంతటితో సరి. కంపెనీకి నువ్వు చెప్పిన మాట వెనక్కి తీసుకో. ఫోన్‌లో కాదు, తిరుపతికి పోయి తీసుకో. నాకు పని కావాలి.

మీ అక్క,
కమలాక్షి

పుంగనూరు,
19 జూలై 2025

అక్కకు,

నువ్వు వద్దన్న పనే చేశాను. ఉత్తరం చదివి అదే పూట పుంగనూరుకు వచ్చి, చెప్పులు విప్పకుండానే ప్రీతిని పిలిచి అరిచాను. అది ఏడవలేదు. "నువ్వు ఇంటికి వచ్చేదే నెలకు రెండు దినాలు నాయనా. వస్తే ఫోన్‌లో బండి, బీన్సు. నీకు యాడ చెప్పేది?" అంది. చెయ్యెత్తాను. దీప మధ్యలోకి వచ్చింది. ఎత్తిన చెయ్యి ఏం చేయాలో తెలియక గోడకు కొట్టుకున్నాను, ఇప్పటికీ వాపు ఉంది. చదువుకోమన్నాను. ప్రేమగా అనలేదు, కానీ అన్నాను.

విజయమ్మ ఇప్పుడు గేటు దగ్గర ఎవరు నిలబడినా "పిల్లకా, లోనుకా?" అని ముందే అడుగుతోంది.

చిన్నాన్న ఇంటికి పోయాను. వాళ్ళ బావమరుదులు, అల్లుళ్ళు అందరూ ఉన్నప్పుడు చూసుకుని పోయాను. మా అక్క ఏమీ రాయలేదు, నేనే నోరు జారాను అని చెప్పాను. చిన్నాన్న "అదేదో ఆ పొద్దే ఆలోచించాల్సిండె కదప్పా" అన్నాడు.

తర్వాత తిరుపతికి పోయాను. ఇది రాయడానికే నాకు చెయ్యి రావడం లేదు.

ఆ ఆఫీసు ఒక మేడ మీద రెండు గదులు. కేసులు పంచే అతనికి నా పేరు చెప్పి, మా అక్క మీద ఇచ్చిన కంప్లయింట్ వెనక్కి తీసుకుంటానన్నాను. "ఏం కంప్లయింట్ సార్?" అన్నాడు. వెతికాడు. ఎక్కడా లేదు. నేను ఫోన్ చేసింది లోను కంపెనీ నంబరుకట, అక్కడ రాసుకున్నది ఇక్కడికి రానే రాలేదట. మరి మా అక్కకు కేసులు ఎందుకు ఆపారని అడిగాను. "కమలాక్షి అంటే ఆ మదనపల్లె ఐడీనా? ఆమె పాత రేటు సార్. కొత్తోళ్ళు సగానికే చేస్తాండారు. సిస్టమ్ తక్కువ రేటోళ్ళకే పంపుతుంది, దాన్నే మేము హోల్డ్ అంటాం" అన్నాడు.

అక్కా, వాడి చొక్కా పట్టుకోబోయాను. ఆరేళ్ళు చేసిన మనిషికి ఒక మాట చెప్పరా అని అరిచాను. "ఆమె మా స్టాఫ్ కాదు కదా సార్, చెప్పేదానికి" అన్నాడు. వాచ్‌మన్ వచ్చి నన్ను మెట్ల దాకా తోసుకుంటూ తెచ్చాడు. వాళ్ళు నా కేసును సగం రేటుకు ఒకింట్లో అడిగి ముగించారు. నేను ఆ కోపం తెచ్చి నీ నెత్తిన పెట్టాను.

ఒక మంచి మాట కూడా ఉంది. కుప్పంలో ఇంకో చోట లోను ఇస్తామన్నారు. ఈసారి వాకబుకు వచ్చినవాడు రెండిళ్ళలోనూ అడిగాడు. బండి వచ్చే నెల వస్తుంది. అప్పుడు బండి లెక్కలు, రైతులకు ఇచ్చేవి, మండీవాళ్ళ దగ్గర రావాల్సినవి, బిల్లులు అన్నీ నువ్వు చూడు. మదనపల్లెలో కూర్చునే చూడొచ్చు. ఆ తిరుపతివాళ్ళ గుమ్మం నీకు వద్దు. ట్రిప్పుకు ఇంత అని ఇచ్చేస్తాను. బండి తిరగని రోజు నీకూ విశ్రాంతి.

నీ తమ్ముడు,
శేఖర్

మదనపల్లె,
24 జూలై 2025

శేఖరా,

చిన్నాన్న ఇంట్లో చెప్పావు, చాలు. ఆ సంగతి ఇక ఎత్తను. ప్రీతి మీద అరిచినందుకు మాత్రం ఊరగాయ నీకు లేదు, దీపను తాళం వేసి పెట్టమన్నాను.

నీ కంప్లయింట్ వాళ్ళకు చేరనే లేదని రాసిన చోట నేను ఏడ్చాను. నువ్వు చెడ్డగా చెప్పావని వాళ్ళు నన్ను తీసేసి ఉంటే బాగుండేది. నా మీద ఎవరికో కోపం వచ్చినట్టు, నేనొక మనిషినని ఎవరికో తెలిసినట్టు ఉండేది. ఆరేళ్ళు తిరిగి మదనపల్లె ఐడీనయ్యాను. లోకేష్ మీద కూడా ఇప్పుడు కోపం రావడం లేదు. సగం రేటుకు ఇరవై ఇళ్ళు తిరిగేవాడు రెండో గేటు ఎందుకు తడతాడు? రేపు పావు రేటుకు ఇంకొకడు వస్తాడు, వాడు మొదటి గేటు కూడా తట్టడు.

ఇక నీ మాటకు వస్తాను. ట్రిప్పుకు ఇంత అన్నావు. బండి తిరగని రోజు విశ్రాంతి అన్నావు. ఆ విశ్రాంతి ఎలా ఉంటుందో నీకు ముందే రాశాను, స్కూటీ తుడుచుకుని కూర్చోవడం. చదివావు, జాలిపడ్డావు, తిరుపతికి పోయి నా కోసం ఒకడి చొక్కా పట్టుకోబోయావు. ఇంటికి వచ్చి ఆ చొక్కానే నువ్వు తొడుక్కున్నావు. వాడికి నేను ఎవరో తెలియదు. నీకు తెలుసు కదరా.

ప్రేమతోనే అన్నావని నాకు తెలుసు. అందుకే ఇంత కోపం వస్తోంది.

నాకు పని కావాలి, కాదనను. ఒక కాగితం తీసుకో. బండి తిరిగినా షెడ్డులో పడున్నా నెలకు ఇంత జీతమని రాయి. ఆదివారం సెలవని రాయి. పని మీద తిరిగి దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు నీదని రాయి. నన్ను వద్దనుకుంటే నెల ముందు నా మొహం చూసి చెబుతానని రాయి. కింద సంతకం పెట్టి పోస్టు చెయ్యి. అది అందిన మరుసటి రోజు నుంచి నీ లెక్కలు నావి.

రాయలేకపోతే అక్కా అని పిలువు, వస్తాను. పనికి మాత్రం పిలవద్దు.

కమలాక్షి